పదకొండు తొక్కలు

మా పార్టీ పేరు చెప్పను. చెబితే ఆ పార్టీ వాళ్లకొక్కరికే కోపం వస్తుంది. చెప్పకపోతే గుమ్మడికాయల దొంగల్లా అన్ని పార్టీల వాళ్లూ భుజాలు తడుముకుంటారు. నాకు రెండోదే ఇష్టం.

తొంభైల చివర్లో, ఉరవకొండ వైపు మా మండలంలో ఆ పార్టీకి కమిటీ వేసినప్పుడు నాకు ఇంకా ముప్పై నిండలేదు. అనంతపురంలో డిగ్రీ రెండో ఏడు దాకా వెలగబెట్టి, మూడో ఏడు పరీక్షలకు ముఖం చాటేసి, ఊరికొచ్చి నాయన పక్కన చేన్లో నిలబడ్డాను. ఐదెకరాల మెట్ట. వాన వస్తే చెనక్కాయ పంట, రాకపోతే చెనక్కాయ విత్తిన జ్ఞాపకం. పని లేనివాడికి రాజకీయాన్ని మించిన పని ఏముంది? నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని నన్ను కార్యదర్శిని చేశారు. అంతకుమించి నాలో ఏ గుణమూ వాళ్లు వెతకలేదు, ఉన్నట్టు నేనూ చెప్పుకోలేదు.

కమిటీని నిలబెట్టింది ఒక ముసలాయన. అందరం పెద్దాయన అనేవాళ్లం. గుత్తి కోర్టులో నలభై ఏళ్లు వకీలు గుమస్తాగా చేసి వచ్చాడు. వాదించే అర్హత లేక, వాదించేవాళ్ల తప్పులు దిద్దీ దిద్దీ ఆయనకు రూల్సు పిచ్చి పట్టింది. పార్టీ కరపత్రాన్ని చట్టం పుస్తకంలా చదివినవాడు జిల్లా మొత్తంలో ఆయనొక్కడే. రాసినవాళ్లు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండరు. అందులో ఏడు పాయింట్లు. పార్టీలో ఎవరైనా ఎవరినైనా ప్రశ్నించవచ్చు, ప్రతి నిర్ణయమూ రహస్య ఓటుతో జరగాలి, పదవి తండ్రి నుంచి కొడుక్కి రాకూడదు, ఇట్లాంటివి. ఈ కొడుకు సంగతి నాల్గో పాయింటు. చదువుతుంటే మా అందరికీ ఒళ్లు పులకరించేది. ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, అప్పుడు నిజంగానే పులకరించింది. అబద్ధం చెప్పను.

కాగితం మీద హక్కు బాగానే ఉంది. కానీ మా కమిటీలో ఒకరి చేన్లోకి ఇంకొకరు కూలికి పోయేవాళ్లు. భూమి ఉన్నాయన చెయ్యెత్తితే, లేనాయన చెయ్యి దానంతటదే లేచేది. చీటీలు రాసి వేద్దామంటే సగం మందికి రాత రాదు, వచ్చినవాళ్ల రాత ఎవరిదో అందరికీ తెలుసు. అప్పుడు పెద్దాయన చెనక్కాయ ఓటు కనిపెట్టాడు.

పద్ధతి ఇదీ. మీటింగులు మూతపడిన నూనె మిల్లు షెడ్డులో జరిగేవి. వెనక గదిలో సన్నమూతి కుండ ఒకటి పెట్టేవాళ్లం. ఒక్కో సభ్యుడికి ఒక్కో చెనక్కాయ. ఒకరి తర్వాత ఒకరు ఆ గదిలోకి పోవాలి. తీర్మానానికి అవునంటే కాయను కాయలాగే కుండలో వెయ్యాలి. కాదంటే కాయ ఒలిచి, గింజలు నోట్లో వేసుకుని, తొక్క వెయ్యాలి. తొక్కలో రెండు సగాలుంటాయి కదా, రెండు కలిస్తే ఒక ఓటు. సగాలకు సగాలు జతచేసి లెక్కపెట్టే పని నాది. లెక్కపెట్టేవాడికి మాత్రం ఓటు లేదు. అది పెద్దాయన పెట్టిన రూలు.

ఇందులో ఒక చిక్కు వచ్చింది. కాదన్నవాడు మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చేవాడు. బయట కూర్చున్నవాళ్లకు ఎవడు తిన్నాడో తెలిసిపోయేది. పెద్దాయన ఇంకో రూలు పెట్టాడు: తిన్నా తినకపోయినా ప్రతివాడూ మూతి తుడుచుకునే బయటికి రావాలి. ఆ దృశ్యం చూడాలి. పదిహేడు మంది పెద్దమనుషులు, ఒకరి వెనక ఒకరు, ఏదో దొంగతిండి తిన్నట్టు మూతి తుడుచుకుంటూ వచ్చి కూర్చునేవాళ్లు. ప్రజాస్వామ్యాన్ని నేను అంత దగ్గరగా మళ్లీ ఎక్కడా చూడలేదు.

మొదటి ఏడాదే ఒక ఘోరం జరిగింది. అధినేత పుట్టినరోజుకు శుభాకాంక్షల తీర్మానం. జిల్లా నుంచి వచ్చిన వక్త గంటన్నర మాట్లాడాడు. ఓటు కాయల్ని నేను ముందే పంచేశాను. చేతిలో చెనక్కాయ ఉంటే మావాళ్ల వేళ్లు ఊరుకుంటాయా? ఉపన్యాసం ముగిసేసరికి పద్నాలుగు మంది తమ ఓట్లు తినేశారు. చేతిలో మిగిలింది తొక్కే కాబట్టి తొక్కే వేశారు. తీర్మానం ఓడిపోయింది. మళ్లీ పెడదామని వక్త కాళ్లావేళ్లా పడ్డాడు. పెద్దాయన కదల్లేదు. “పడిన ఓటు పడింది” అన్నాడు. అధినేత గారికి జన్మదిన శుభాకాంక్షలు తెలుపరాదని మండల కమిటీ నిర్ణయించినట్టు నేను గుండ్రటి అక్షరాలతో రాసి జిల్లాకు పంపాను.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం, వచ్చే ఏడు ఉపన్యాసం కుదిస్తాం అని. అప్పటి పార్టీ అదీ. ఆ ఉత్తరాన్ని పెద్దాయన షెడ్డు గోడకు అంటించాడు. నేను ఆ పార్టీని ప్రేమించానంటే ఆ ఉత్తరం కోసమే.

కమిటీలో నాకు బాగా దగ్గరివాడు బస్టాండు హోటలతను. రాయదుర్గం బస్సులు ఆగే చోట రేకుల కింద మూడు బల్లలు, ఒక పొయ్యి, పొద్దున్నే బొరుగుల ఉగ్గాణి, బజ్జీ. చుట్టుపక్కల హోటళ్లలో మాలమాదిగలకు వేరే గ్లాసులుండే కాలంలో ఇతను అందరికీ ఒకటే గ్లాసు పెట్టాడు. పెద్దిళ్లవాళ్లు అలిగి రెండు నెలలు రాలేదు. తర్వాత ఉగ్గాణి వాసన ఓర్చుకోలేక ఒక్కొక్కరే వచ్చి ఆ గ్లాసులోనే తాగిపోయారు. అతనికి ఒకటే జబ్బు, మనసులో మాట పొట్టలో ఆగదు. ఎవరినైనా నిలబెట్టి అడిగేస్తాడు. కరపత్రంలో మొదటి పాయింటు ఇతన్ని చూసే రాశారేమో అనుకునేవాణ్ణి.

తర్వాత కరువు వచ్చింది. మాకు కరువు కొత్త కాదు, కానీ ఇది వచ్చి కూర్చుంది, లేవలేదు. బావులు ఎండిపోయాయి. ఊరంతా బోర్ల మీద పడింది. బోరు బండ్లు ఉన్నది మా మండలంలో ఒక్కాయనకే. దేవుణ్ణి తిట్టినవాళ్లు ఉన్నారు కానీ ఆ రోజుల్లో బండ్లాయన్ని తిట్టినవాడు ఒక్కడూ లేడు. ఎవరి చేనికి ముందు బండి పోవాలో, ఎవరు వరసలో ఉండాలో ఆయన నోటిమాట. అట్లాంటివాడు పార్టీలోకి వస్తానంటే ఎవరు వద్దంటారు? వచ్చిన మూడో నెలకు, పాత అధ్యక్షుడు కమిటీ వదిలేసిన ఖాళీలో, అధ్యక్షుడయ్యాడు. ఆ ఓటు కుండలోనే జరిగింది, నిజాయితీగానే గెలిచాడు. అదే విచిత్రం.

మీటింగులు షెడ్డు నుంచి ఆయన ఇంటి హాలుకు మారాయి. కింద చాపలు పోయి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి, ఆయనకు మెత్త ఉన్న కుర్చీ. అక్కడ వెనక గది లేదు కాబట్టి కుండ అటక ఎక్కింది. దాని బదులు ఉప్పేసి ఉడకబెట్టిన చెనక్కాయలు ప్లేట్లలో వచ్చేవి. ఓటు వేసే కాయ పోయి, ఊరికే తినే కాయ వచ్చింది. బండ్లాయన “ఏమప్పా, అందరికీ సమ్మతమే గదా?” అనేవాడు. నోటినిండా చెనక్కాయలున్నవాడు ఏమంటాడు? నేను ఏకగ్రీవం అని రాసుకునేవాణ్ణి. ఆ మాట నా చేతికి ఎంత అలవాటైందంటే, మా చెల్లెలి పెళ్లి పత్రిక రాస్తూ పెద్దలు ఏకగ్రీవంగా నిశ్చయించిన ముహూర్తమున అని రాసి నాయనతో తిట్లు తిన్నాను. సభ్యులకూ ఒక పాత అలవాటు మిగిలింది. ఓటు లేకపోయినా లేచేముందు మూతి తుడుచుకునేవాళ్లు.

కొన్నాళ్లకు కొత్త కరపత్రం అచ్చయి వచ్చింది. రంగుల్లో, నున్నటి కాగితం మీద. మూడో పాయింటు తర్వాత ఐదో పాయింటు ఉంది. అచ్చుతప్పేమో అనుకున్నాం. ఆ తర్వాతి నెల జిల్లా నాయకుడు కొడుకును వెంటబెట్టుకుని మా మండలానికి వచ్చాడు. ఆ అబ్బాయికి యువజన విభాగం అప్పజెప్పారట, దండలు వెయ్యాలట. దండలు పడ్డాయి. చప్పట్లు పడ్డాయి. అప్పుడు మా హోటలతను వెనక వరసలోంచి లేచాడు.

“అన్నా, నాదొక డౌటు. కరపత్రంలో మూడు తర్వాత ఐదు ఉండాది. నాల్గోది యాడికి పోయింది? ఈ అబ్బాయికి కుర్చీ ఇయ్యాలని దాన్ని లేపేసినారా?”

నాయకుడు ఫోటోలో నవ్వినట్టు నవ్వాడు. కొడుకు దండ సర్దుకున్నాడు. బండ్లాయన నవ్వలేదు. వారంలో జిల్లా నుంచి కాగితం వచ్చింది. ఈసారి గౌరవించే కాగితం కాదు. పార్టీ వ్యతిరేక కార్యకలాపాలకు గాను ఫలానా సభ్యుణ్ణి మండల కమిటీయే తొలగించి తెలియజేయాలి.

మీటింగు పెట్టారు. బండ్లాయన ఎప్పటిలాగే సమ్మతమే గదా అనబోతుంటే పెద్దాయన లేచాడు. అప్పటికే ఆయన రెండు కళ్లకూ పొరలు కమ్మాయి, మనుషుల్ని గొంతును బట్టే గుర్తుపట్టేవాడు. “మనిషిని తీసెయ్యాలంటే కుండ పెట్టాల. వానికీ ఓటుండాది. అంతవరకు వాడు సభ్యుడే” అన్నాడు. బండ్లాయన ఒక్క క్షణం ఆలోచించి సరేనన్నాడు. కుండ దించడానికి నాతోపాటు అటక దాకా వచ్చాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. మా బావి ఎండి ఏడాది దాటింది. బోరు వరసలో మా ముందు ముప్పై మంది దాకా ఉన్నారు. నాయన రోజూ పొద్దున లేవగానే అడిగేవాడు, “మన వరస యాడికొచ్చిందిరా?” అని. ఎద్దుకు గడ్డి లేదు. ఆయన ఆ ఎద్దు ముందు కూర్చుని దానికి సంజాయిషీ చెప్పుకోవడం నేను కళ్లారా చూశాను.

బండ్లాయన కుండ మీది దుమ్ము తన కండువాతో తుడిచి నా చేతికిచ్చాడు.

“రేపు పొద్దున బండి నీ చేనికాడికి వస్తాది. టెంకాయ తెచ్చి పెట్టుకో.”

అంతే అన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఈ రోజు ఎవరైనా నిలదీస్తే, నేనేమీ అడగలేదే అని ఆయన ప్రమాణం చేసి చెప్పగలడు. అది నిజం కూడా.

వెనక గది లేదు కాబట్టి అధినేత బొమ్మ ఉన్న గుడ్డ బ్యానరు అడ్డం కట్టి, దాని వెనక కుండ పెట్టాం. పదిహేడు మందీ పోయి వచ్చారు, మూతులు తుడుచుకున్నారు. హోటలతను కూడా పోయి వచ్చాడు, అందరికంటే గట్టిగా తుడుచుకున్నాడు. ఇదివరకు పెద్దాయన పక్కన కూర్చుని లెక్క చూసేవాడు. ఇప్పుడు కళ్లు లేవు. బ్యానరు వెనక నేనొక్కణ్ణే కుండ ఒలకబోసుకుని సగాలు జతచేశాను. రెండుసార్లు చేశాను. కాయలు ఆరు. తొక్కలు పదకొండు.

ఇన్నేళ్లూ ఉడికిన కాయలు నములుతూ తలూపినవాళ్లలో పది మంది ఆ రోజు తొక్క వేశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. బయటికి వచ్చాను. బండ్లాయన నా వైపు చూడటం లేదు, గడియారం వైపు చూస్తున్నాడు. నా నోట్లోంచి ఏ అంకె రావాలో నాకు తెలుసు. అలవాటో, భయమో, బోరో, వచ్చిన మాట వేరు.

“ఏకగ్రీవం” అన్నాను.

తర్వాత హోటలతను లేచాడు.

“అన్నా, నేను గూడా నన్ను తీసెయ్యమనే ఏసినానా? మరి నా తొక్క యాడికి పోయింది?”

గొల్లున నవ్వారు. బండ్లాయన కూడా నవ్వాడు. నేను బ్యానరు వెనక్కి పోయి, కుండలో చెయ్యి పెట్టి వెతికినట్టు నటించి, వచ్చి చెప్పాను. “ఒకటి ఉండాది. అడుక్కి పోయినాది.” పదహారు, ఒకటి అని రాశాను. నా చేతిరాత అప్పుడు కూడా గుండ్రంగానే ఉంది.

ఇప్పటికీ నాకు అర్థం కానిది, అర్థమైతే ఇంకా భయమేసేది ఇదీ. నేను చెప్పింది అబద్ధమని ఆ హాల్లో నాకొక్కడికే కాదు, తొక్క వేసిన ప్రతివాడికీ తెలుసు. ఒకటి అన్నప్పుడు, అది హోటలతనిదే కాబట్టి, తన తొక్క ఏమైందని ఒక్కడు లేచి అడిగితే చాలు. అడిగితే తానేం వేశాడో బయటపడుతుంది. ఎవ్వరూ లేవలేదు. కొందరు ప్లేట్లలోకి చూశారు, ఒకరిద్దరు మళ్లీ మూతి తుడుచుకున్నారు. పార్టీ దారి తప్పిందని తర్వాత చాలామంది చాలా కారణాలు చెప్పారు. నేను మాత్రం ఎవరినీ అనలేను. తప్పించినవాళ్లలో ముందున్నది నేనే.

మర్నాడు బండి వచ్చింది. నీళ్లు పడ్డాయి. పడకపోయుంటే తగిన శాస్తి జరిగిందని ఊరట పడేవాణ్ణేమో, ఆ భాగ్యం కూడా లేదు. రెండంగుళాల నీళ్లు, తెల్లగా, ఎగజిమ్ముతూ. నాయన బురదలో కూర్చుని ఏడ్చాడు. నీళ్లు పడితే ఊరంతా చూడ్డానికి వస్తారు కదా, హోటలతను కూడా వచ్చాడు. దోసిలితో తాగి, ముఖం కడుక్కుని, “తియ్యగా ఉండాయన్నా నీళ్లు. మీ నాయన అదృష్టం” అన్నాడు. నేను తల వంచుకుని పైపు పట్టుకుని నిలబడ్డాను.

రెండు రోజులకు పెద్దాయన వచ్చాడు, మనవరాలి చెయ్యి పట్టుకుని. ఆ పిల్లను దూరంగా నీళ్ల దగ్గరికి పంపించి గట్టు మీద కూర్చున్నాడు.

“నీళ్లు పడినాయంట గదప్పా. మంచిదే.” గట్టు మీది తడిమట్టిని చేత్తో తడిమి అన్నాడు, “ఒక తొక్క అంటివే. అది వానిది. మరి నాది?”

నేను పార తీసుకుని కాలవ గట్టుకు మట్టి ఎగేశాను.

“వానికి నేను చెప్పలేనప్పా. నా ఓటు నేను చెప్పుకుంటే, రేపు ప్రతివాన్నీ నీదేందో చెప్పమని పట్టుకుంటారు. అప్పుడు తొక్క ఏసేవాడే ఉండడు. చెప్పాల్సింది నువ్వు. లెక్క నీది.”

“చెప్తా పెద్దాయనా” అన్నాను. చెప్పడానికి ఆరేళ్లు పట్టింది.

ఆ ఆరేళ్లలో హోటలతను కమిటీ వాళ్లలో ఒక్కరితోనూ మాట్లాడలేదు. హోటలు కాబట్టి టీ ఇవ్వక తప్పదు, ఇచ్చేవాడు. గ్లాసు బల్ల మీద పెట్టి తిరిగిపోయేవాడు. పదహారు మందీ తనను వద్దన్నారని అతని నమ్మకం. మరి నాతో? లెక్కపెట్టేవాడికి ఓటు లేదు కదా. మొత్తం కమిటీలో తన మీద ఓటు వెయ్యనిది నేనొక్కణ్ణే అని అతని లెక్క. నాకు అడగకుండానే రెండో బజ్జీ పడేది. పెద్దాయన రోజూ పొద్దున వచ్చి ఎదురు బల్ల మీద కూర్చునేవాడు. పలకరించేవాడు. జవాబు ఉండేది కాదు. చల్లారిన టీ తాగి, మనవరాలి భుజం పట్టుకుని వెళ్లిపోయేవాడు. వెళ్లేముందు నా గొంతు వినబడిన వైపు ఒకసారి తల తిప్పేవాడు. నేను బజ్జీ తింటూ ఉండేవాణ్ణి. దాన్ని మించిన నీచం నా జీవితంలో ఇంకోటి లేదు.

ఈలోగా లోకం తన పని తాను చేసుకుపోయింది. మా బోరు మూడో ఏడు ఎండిపోయింది. బండ్లాయన ఇంకో పార్టీలో చేరి అనంతపురంలో ఇల్లు కట్టుకున్నాడు. నన్ను కార్యదర్శి పదవి నుంచి తీసేశారు, మీటింగు లేకుండా, ఫోనులో. దండలు వేయించుకున్న ఆ అబ్బాయి జిల్లా అధ్యక్షుడయ్యాడు.

పెద్దాయన ఒక వేసవిలో పోయాడు. జ్వరమొచ్చి మూడు రోజులే. ఊరంతా పోయింది, పాత కమిటీ అంతా పాడె మోసింది. హోటలతను హోటలు మూయలేదు. మట్టి వేసి మధ్యాహ్నం తిరిగొస్తుంటే నన్ను చూసి కాళ్లు కడుక్కోమని చెంబుతో నీళ్లిచ్చాడు.

“పోయినావా అన్నా? నేను పోలేదు. అందరూ అందరే గానీ, ఆయన తీసెయ్యమంటాడని నేను అనుకోలేదు. అదొక్కటే మింగుడు పడలేదు నాకు.”

చెంబు నా చేతిలోనే ఉంది. అప్పుడు చెప్పాను. ఆరు కాయలు, పదకొండు తొక్కలు. టెంకాయ సంగతి చెప్పాను. పెద్దాయన గట్టు మీద కూర్చుని అన్న మాట కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ అతను పొయ్యి మీది పాల వైపు చూస్తున్నాడు. పాలు పొంగిపోయాయి. దించలేదు.

“రోజూ వచ్చి పలకరిస్తాండె” అన్నాడు. “రోజూ.”

నా వైపు తిరిగి అడిగాడు. “మిగిలిన తొమ్మిది మంది ఎవరెవరు?”

“తెలీదప్పా. కుండ చెప్పదు.”

అతను నా చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. పొయ్యి ఆర్పి, హోటలు మూసి, శ్మశానం వైపు నడిచాడు. నేను వెంట పోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

మర్నాటి నుంచి అతను ఊళ్లో ఉన్న పాత కమిటీ వాళ్లందరితో మాట్లాడటం మొదలుపెట్టాడు. పద్నాలుగు మంది. అందులో తనకోసం తొక్క వేసిన తొమ్మిది మంది ఎవరో తెలియదు కాబట్టి, కాయ వేసిన ఐదుగురికీ అదే పలకరింపు, అదే నవ్వు. బాగుండావా మామా, మీ పాప పెళ్లి కుదిరిందంట గదన్నా అని, ఆరేళ్ల బాకీ తీర్చుకున్నట్టు పేరుపేరునా అడుగుతాడు. వాళ్లు మొదట బిత్తరపోయారు, తర్వాత అలవాటు పడ్డారు.

నేను ఇప్పటికీ పొద్దున్నే పోతాను. నా గ్లాసు బల్ల మీద పెట్టి తిరిగిపోతాడు.